స్పోర్ట్ ఏటీవీ వదిలి యుటిలిటీ ఏటీవీకి మారాలా? విశాఖ చుట్టుపక్కల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆనందపురం, భీమిలి, అనకాపల్లి, అనంతగిరి వైపు తోటలు, ఫామ్‌హౌస్‌లు ఉన్నవాళ్లలో చాలామంది మొదట సరదా కోసం స్పోర్ట్ ఏటీవీ (రోడ్డు లేని నేలల్లో నడిచే నాలుగు చక్రాల బండి) కొంటారు. కొన్నాళ్లకు దాని మీద ఎరువు బస్తా వేయాల్సి వస్తుంది, డ్రిప్పు పైపుల చుట్టలు కొండ మీదికి చేర్చాల్సి వస్తుంది. పని కోసం చేసిన యుటిలిటీ ఏటీవీకి మారాలా అన్న సందేహాలు అక్కడ మొదలవుతాయి. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నందున వరసగా పెట్టాం. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ఇంకా ఆలోచనలో ఉన్నవారికి

రెండింటికీ నాలుగు చక్రాలే కదా, అసలు తేడా ఎక్కడుంది?

చక్రాలకు శక్తి చేరే దారిలో ఉంది. స్పోర్ట్ బండిలో వెనక చక్రాలు రెండే లాగుతాయి, చెయిన్ ద్వారా. క్లచ్, గేర్లు మన చేతిలో, కాలిలో ఉంటాయి. యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ లాంటివి పెట్రోలుతో కలిపి 185 కిలోల లోపే. యుటిలిటీ బండిలో చెయిన్ ఉండదు. షాఫ్ట్ ద్వారా శక్తి వెళ్తుంది, అవసరమైతే ముందు చక్రాలకూ అందుతుంది. ముందూ వెనకా బరువు పెట్టే ర్యాకులు, లాగడానికి హిచ్ ఉంటాయి. బరువు 270 కిలోల నుంచి 330 కిలోల దాకా.

కింద ఖాళీ కూడా చూడాలి. స్పోర్ట్ బండి వెనక స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) దగ్గర నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. యమహా గ్రిజ్లీ 700 తరగతి యుటిలిటీ బండికి 28 సెంటీమీటర్లు పైనే. జీడితోటలో నరికిన మొద్దుల మధ్య నడిపితే ఈ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది.

నాకు మారే అవసరం నిజంగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

సీసీలు, ధరలు పక్కన పెట్టి ఒక నెల పాటు చిన్న పుస్తకంలో మూడు విషయాలు రాయండి. బండి తీసిన ప్రతిసారీ ఎంత బరువు మోశారు, నడక వేగంలో ఎంతసేపు నడిపారు, ఎక్కడ ఇరుక్కుని దిగి తోశారు. నడిపిన సమయంలో సగానికి పైగా బరువుతోనో, నడక వేగంలోనో గడిస్తే మీకు యుటిలిటీ బండి కావాలి. వారానికి ఒకసారి తీసి మెట్ట నేలలో వేగంగా తిప్పి షెడ్డులో పెట్టేస్తుంటే మారొద్దు, డబ్బు వృథా.

మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లు చూడాల్సింది మూడో లెక్క. వానాకాలంలో బండి వెళ్లలేక పని ఆగిన రోజులు ఎక్కువైతే మారడం మేలు. బండి వెళ్లింది కానీ ఒళ్లు నొప్పులు వచ్చాయంటే సీటు, షాక్ అబ్జార్బర్ల సెట్టింగు మార్చి చూడండి, దానికి బండి మార్చనక్కర్లేదు.

నాది 450 సీసీ స్పోర్ట్. 420 సీసీ యుటిలిటీకి వెళ్తే పవర్ తగ్గిపోదా?

పైవేగం తగ్గుతుంది, పికప్ తగ్గుతుంది. కానీ లాగే బలం పెరుగుతుంది. 450 స్పోర్ట్ ఇంజిన్ తన శక్తినంతా బాగా తిరుగుతున్నప్పుడే ఇస్తుంది. ఎత్తు మీద బరువుతో మెల్లగా వెళ్లాలంటే ఆ తిరుగుడు నిలబెట్టడానికి క్లచ్‌ని సగం పట్టి ఉంచాలి. పది నిమిషాలు అలా నడిపితే క్లచ్ ప్లేట్లు కాలుతాయి, ఇంజిన్ ఆయిల్ కూడా పాడవుతుంది, ఎందుకంటే ఆ క్లచ్ ఉండేది ఆయిల్లోనే. యుటిలిటీ ఇంజిన్ తక్కువ తిరుగుడులోనే బలం ఇచ్చేలా చేసినది, గేరింగ్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అందుకే కాగితం మీద చిన్నదిగా కనిపించే 420 సీసీ హోండా రాంచర్‌కు 385 కిలోల దాకా లాగే అనుమతి ఉంది.

స్పోర్ట్ బండికే వెనక క్యారియర్, హుక్ వేయిస్తే సరిపోదా?

ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్లు దొరుకుతారు, కానీ చేయించకండి. కొన్ని స్పోర్ట్ బండ్ల వెనక సబ్‌ఫ్రేమ్ అల్యూమినియంది, మెయిన్ ఫ్రేమ్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. అది మనిషి బరువు మోస్తుంది కానీ, గుంతల్లో ఎగిరి పడే బస్తా దెబ్బలు తట్టుకోలేదు. బోల్టు రంధ్రాల దగ్గర చీలిక వస్తుంది. హుక్‌ని స్వింగార్మ్‌కు (వెనక యాక్సిల్‌ను పట్టుకుని పైకీ కిందకీ కదిలే చేయి) తగిలిస్తే సస్పెన్షన్ కదిలినప్పుడల్లా ట్రాలీ కూడా పైకీ కిందకీ ఊగుతుంది, యాక్సిల్ బేరింగులు త్వరగా పోతాయి.

అప్పుడప్పుడూ తేలిక సామాను మోయాలంటే ఒక పని చేయొచ్చు. ముందు స్ప్రాకెట్‌ను ఒక పన్ను తక్కువున్నదానికి మార్చి, వెనక గ్రాబ్ బార్‌కు పది కిలోలు దాటకుండా బ్యాగు కట్టుకోండి. మెల్లగా నడపడం కొంత సుఖమవుతుంది. అంతకు మించి ఆ బండి నుంచి ఆశించకూడదు.

మారాక సరదా పోతుందేమోనని భయం. నిజమేనా?

కొంత పోతుంది, ఈ మాట ముందే తెలిసి ఉండాలి. స్పోర్ట్ బండి సస్పెన్షన్ ముందు 25, వెనక 28 సెంటీమీటర్ల దాకా ఆడుతుంది, గట్టు మీద నుంచి ఎగిరి దిగినా మింగేస్తుంది. గ్రిజ్లీ లాంటి యుటిలిటీ బండిలో ముందు 19, వెనక 23 సెంటీమీటర్ల దగ్గరే. పైగా 300 కిలోల బరువు. గాల్లోకి లేపడం, వెనక చక్రాలు జార్చి మలుపు తిప్పడం దీనితో చేయకూడదు. దీని ఆనందం వేరే చోట ఉంటుంది. స్పోర్ట్ బండి మొహం తిప్పుకునే రాళ్ల దారిలో ఇది నిమ్మళంగా ఎక్కేస్తుంది. దూకడాలే మీకు ప్రాణమైతే స్పోర్ట్ బండిని ఉంచుకుని, తోట పనికి వేరే ఏర్పాటు చూసుకోండి.

ఈ డబ్బుతో మినీ ట్రాక్టర్ కొంటే మేలేమో?

దుక్కి దున్నాలన్నా, రోటవేటర్ తిప్పాలన్నా తప్పకుండా మినీ ట్రాక్టరే. ఏటీవీకి పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్ట్) ఉండదు, సామాను ఎత్తే హైడ్రాలిక్స్ ఉండవు. నాగలి కట్టి లాగించాలని చూస్తే ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే బెల్టు కాలిపోవడం తప్ప మరేమీ జరగదు. ఏటీవీ పనికొచ్చేది మోయడానికి, లాగడానికి, మందు కొట్టే ట్యాంకు తిప్పడానికి, కంచె చూసుకోవడానికి, ట్రాక్టర్ దూరలేని సన్నని ఏటవాలు దారులకి. అనకాపల్లి వైపు చెరకు మళ్లకు ట్రాక్టర్, అనంతగిరి వైపు కాఫీ తోటకు ఏటీవీ అనేది మోటుగా చెప్పినా చాలావరకు సరిపోయే లెక్క.

## రోడ్డు, ఇసుక, అడవి

యుటిలిటీ అయితే రోడ్డు మీద నడపొచ్చని అమ్మేవాళ్లు అంటున్నారు. నిజమేనా?

ర్యాకులు, హెడ్‌లైట్లు ఉన్నంత మాత్రాన కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపకూడదు. మామూలుగా దిగుమతి అయ్యే ఏటీవీలకు, స్పోర్ట్ అయినా యుటిలిటీ అయినా, రోడ్డు అనుమతి ఉండదు. మీ తోట కంచె లోపల నడుపుకోవచ్చు. తోటకీ షెడ్డుకీ మధ్య పంచాయతీ రోడ్డు ఉంటే అది దాటడం కూడా రోడ్డు మీద నడపడమే.

ఈ మాట పుట్టడానికి కారణం ఉంది. పొలారిస్ 2020లో స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టర్ వర్గంలో అనుమతితో మన దేశంలో విడుదల చేసింది. ఆ రకానికి నంబరు వస్తుంది. అదే పేరుతో ఉన్న మామూలు స్పోర్ట్స్‌మన్‌కు రాదు. అమ్మేవారు "ఇది ఆ రకమే" అంటే ఆర్‌సీ చూపించమనండి. అందులో వాహన వర్గం, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదాంతో సరిపోలాలి. ఆర్‌సీ తర్వాత వస్తుందన్న మాట మీద అడ్వాన్స్ ఇవ్వకండి.

భీమిలి, యారాడ వైపు ఇసుకలో నడుపుకోవచ్చా?

వద్దు. అనుమతి సంగతి అటుంచి, ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. గుడ్లు ఇసుకలో ఒకటిన్నర అడుగుల లోతులో ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు. దాని మీద బండి వెళ్తే ఇసుక గట్టిపడుతుంది. పొదిగి బయటికి వచ్చిన పిల్లలు టైరు చాళ్లలో పడి సముద్రం వైపు వెళ్లలేక ఎండిపోతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అంతే, ఒక్క టైరు గాడి కూడా వానకు గండిగా మారిపోతుంది. కంబాలకొండ అభయారణ్యం, రిజర్వ్ ఫారెస్ట్ లోపలికి అనుమతి లేకుండా ఏ ఏటీవీ వెళ్లకూడదు.

## ఏ రకం ఎంచుకోవాలి

బెల్టు బండా, గేరు బండా?

చాలా యుటిలిటీ బండ్లలో సీవీటీ (గేర్లు మార్చే బదులు రెండు పుల్లీల మధ్య బెల్టు తిరిగే ఏర్పాటు) ఉంటుంది. హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కితే వెళ్తుంది, గేర్లు వేసే పని లేదు. తోట పనికి ఇదే సుఖం, పనివాళ్లకు నేర్పడమూ తేలిక. దీని శత్రువులు వేడి, నీళ్లు. బరువుతో ఎత్తెక్కేటప్పుడు వేగం కోసం ఉన్న 'హై'లో ఉంచి నడిపితే బెల్టు పుల్లీల మధ్య జారి మాడుతుంది. నడక వేగానికి, ట్రాలీ లాగడానికి బలం కోసం ఉన్న 'లో' వేయాలి. గంటకు పది పన్నెండు కిలోమీటర్ల లోపు వేగంలో ఎక్కువసేపు నడుపుతున్నారంటే 'లో'లో ఉండాల్సిందే. బెల్టు బండ్లు పాడవడానికి ఈ ఒక్క అలవాటు లేకపోవడమే ప్రధాన కారణం.

హోండా రాంచర్ లాంటి వాటిలో బెల్టు లేదు, గేర్లే. కొన్నిటిలో కాలితో, కొన్నిటిలో బటన్‌తో మారుస్తారు, క్లచ్ దానంతటదే పనిచేస్తుంది. స్పోర్ట్ బండి నుంచి వచ్చేవారికి చేతికి అలవాటైన పద్ధతి. గెడ్డలు తరచూ దాటాల్సిన తోటలకు మా ఓటు గేరు బండికే.

వెనక సాలిడ్ యాక్సిల్ మంచిదా, ఇండిపెండెంట్ సస్పెన్షనా?

సాలిడ్ యాక్సిల్ అయితే వెనక రెండు చక్రాలూ ఒకే కడ్డీకి ఉంటాయి. బరువు వేస్తే వెనక భాగం సమంగా కూర్చుంటుంది, విడిభాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. రాళ్ల మీద మాత్రం ఒళ్లు కుదిపేస్తుంది, యాక్సిల్ మధ్య గుండు రాళ్లకు తగులుతుంది. ఇండిపెండెంట్‌లో ఏ చక్రం దారి దానిది. కొండ దారుల్లో సుఖం, కింద ఖాళీ ఎక్కువ. దీనికి సీవీ బూట్లు (చక్రాల షాఫ్ట్ జాయింట్లను కప్పే రబ్బరు తొడుగులు) రెండు జతలు ఎక్కువ ఉంటాయి. వాటిలో ఒక్కటి చిరిగి ఇసుక చేరినా జాయింటు అరిగిపోతుంది. మైదానంలో సరుగుడు, కొబ్బరి తోటలకు సాలిడ్ చాలు. పాడేరు, అనంతగిరి వైపుకు ఇండిపెండెంట్ కొనండి.

ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరా?

వానాకాలంలో పని ఆగకూడదంటే తప్పనిసరి. ఎర్రమట్టి తడిస్తే పై పొర జిడ్డుగా మారుతుంది, కింద గట్టిగానే ఉంటుంది. వెనక చక్రాలు మాత్రమే లాగితే బండి పక్కకు జారుతుంది. నల్లరేగడిలో ఇబ్బంది వేరు, మట్టి టైరుకు చుట్టుకుని పట్టు పోతుంది. దానికి ఫోర్ వీల్‌తో పాటు లోతు గాడుల టైర్లు కూడా కావాలి.

పొలారిస్ పద్ధతిలో స్విచ్ వేసి ఉంచితే వెనక చక్రం జారినప్పుడే ముందు చక్రాలు కలుస్తాయి. గ్రిజ్లీలో టూ వీల్, ఫోర్ వీల్, డిఫ్ లాక్ (ముందు రెండు చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పేది) అని మూడు దశలు. డిఫ్ లాక్ వేస్తే స్టీరింగ్ బాగా బిగుస్తుంది. ఇరుక్కున్న చోటు దాటగానే తీసేయండి.

పవర్ స్టీరింగ్‌కు అదనంగా పెట్టాలా?

ముందు ర్యాకులో బరువు పెట్టేవారు, రోజూ గంటకు పైగా నడిపేవారు పెట్టండి. రాయి తగిలినప్పుడు హ్యాండిల్ చేతుల్లో విసురుగా తిరగకుండా ఆపుతుంది. మిగతావాళ్లకు ఆ డబ్బు టైర్లకు, కింది రక్షణ పలకలకు పెడితే మేలు.

నిజంగా ఎంత బరువు వేయొచ్చు?

బస్తాల లెక్కలో చూద్దాం. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50, జీడిపిక్కల బస్తా 80. హోండా రాంచర్ ముందు ర్యాకు 30 కిలోలు, వెనక 60. అంటే ముందు ఒక్క యూరియా బస్తా కూడా పెట్టకూడదు, వెనక ఒకటి పెట్టొచ్చు, జీడిపిక్కల బస్తా వెనక కూడా వద్దు. యమహా గ్రిజ్లీ 700కి ముందు 50, వెనక 90, లాగడానికి 600 కిలోలు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే లెక్క ఇంకొకటి ఉంది. బండి మోయగల మొత్తం బరువులో నడిపే మనిషి, రెండు ర్యాకులు, హిచ్ మీద ట్రాలీ మోపే బరువు అన్నీ కలిసి ఉంటాయి. 90 కిలోల మనిషి రెండు ర్యాకులూ నింపి ట్రాలీ కూడా తగిలిస్తే పరిమితి దాటిపోవచ్చు. రాసిన బరువు చదును నేలకే. ఏటవాలులో సగం చేయండి. బరువును ర్యాకు మధ్యలో, వీలైనంత కిందికి కట్టండి. మందు ట్యాంకు సగం నిండి ఉంటే లోపల నీళ్లు ఒక పక్కకు ఒరిగి బండిని లాగేస్తాయి, అందుకే లోపల అడ్డు పలకలు ఉన్న ట్యాంకే కొనండి.

## కొనేటప్పుడు

సెకండ్ హ్యాండ్ యుటిలిటీ ఏటీవీలో ఏమేం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే, స్టార్టింగ్ లోపం దాచడానికని అనుమానించాలి.

మొదట ఆయిల్స్. డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఇంజిన్ డిప్‌స్టిక్ కూడా అలాగే చూడాలి. తర్వాత సీవీటీ మూత, అంటే బెల్టు గది మూత, తీయించండి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తుంటే జారి కాలింది. పళ్ల మధ్య చీలికలు, దారాలు బయటికి రావడం కనిపిస్తే బెల్టు ఖర్చు ధరలో తగ్గించండి. పుల్లీ ముఖాల మీద వేలితో తడిమితే గట్టు తగిలిందంటే పుల్లీ అరిగింది, అది పెద్ద ఖర్చు. లోపల బురద మరక గీత ఉంటే బండి ఆ ఎత్తు దాకా మునిగింది.

ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని కుదపండి. లొడలొడలాడితే బేరింగో, బాల్ జాయింటో పోయింది. ఫోర్ వీల్ పనిచేస్తోందో లేదో మాటతో నమ్మకండి. మెత్తని మట్టిలో వెనక చక్రాలు జారేలా చేసి ముందు చక్రాలు తవ్వుతున్నాయో లేదో పక్క నుంచి చూడండి. స్విచ్ మీద లైటు వెలిగినంత మాత్రాన ముందు చక్రాలను కలిపే యాక్చుయేటర్ పనిచేస్తున్నట్టు కాదు.

చివరగా ఫ్రేమ్ కింద పడుకుని చూడండి. తీరం దగ్గర తిరిగిన బండ్లకు కింది పైపులు లోపలి నుంచి తుప్పు పడతాయి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే గట్టి చోట గంట చప్పుడు, తుప్పు తిన్న చోట మూగ చప్పుడు వస్తాయి. కొత్తగా నల్ల పెయింటు కొట్టిన చోట రెండుసార్లు తట్టండి.

కాగితాలు ఏవి ఉండాలి?

దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి కాగితం) కాపీ, మొదటి అమ్మకం ఇన్‌వాయిస్, మీ పేరున అమ్మకపు రసీదు. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు మూడింటిలోనూ ఒకటే ఉండాలి. కస్టమ్స్ కాగితం లేని బండి ఎంత చవకైనా వద్దు, అధికారులు పట్టుకుంటే పోయేది మీ డబ్బే.

నా స్పోర్ట్ బండి ముందు అమ్మాలా, కొత్తది కొన్నాక అమ్మాలా?

వీలైతే కొన్నాక, ఒక వానాకాలం రెండూ ఉంచుకుని అమ్మండి. జూన్ నుంచి అక్టోబరు దాకా నడిపితే ఏది లేకుండా గడవదో తెలిసిపోతుంది. అమ్మేముందు చెయిన్, రెండు స్ప్రాకెట్లు కలిపి ఒకేసారి మార్చండి. కొనేవాడి కళ్లు మొదట పడేది కొక్కెంలా వంగిన స్ప్రాకెట్ పళ్ల మీదే.

ఇంటికి తేవడానికి టాటా ఏస్ చాలా?

చాలు. ఏస్ గోల్డ్ డెక్ 2.2 మీటర్ల పొడవు, 1.49 మీటర్ల వెడల్పు. 570 తరగతి బండి సుమారు 2.11 మీటర్ల పొడవు, 1.22 వెడల్పు. ర్యాంపు కనీసం రెండు మీటర్లుండాలి, లేకపోతే వాలు ఎక్కువై బండి వెనక్కి లేస్తుంది. ర్యాంపును వాహనానికి గొలుసుతో కట్టండి. ఎక్కించేటప్పుడు అది వెనక్కి జారిపోవడమే అసలు ప్రమాదం. నాలుగు మూలలా రాచెట్ బెల్టులు ఫ్రేమ్‌కు కట్టాలి, ర్యాకులకు కాదు.

## నడపడం కొత్తగా అలవాటు చేసుకునేటప్పుడు

మలుపులో ఒక పక్క లేస్తున్నట్టుంది. బండిలో లోపమా?

లోపం కాదు, ఎత్తు. యుటిలిటీ బండి బరువు కేంద్రం పైన ఉంటుంది, సస్పెన్షన్ మెత్తన. స్పోర్ట్ బండిలో వెనక చక్రాలు జారి మలుపు తిరుగుతుంది, ఇందులో టైర్లు గట్టిగా పట్టుకోవడంతో బండి ఒరుగుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, సీటు మీద నుంచి లోపలి వైపుకు ఒళ్లు వంచండి. మొదటి వారం ర్యాకులు ఖాళీగా నడపండి.

కొండ ఎక్కుతుంటే సగంలో ఆగిపోయింది. ఏం చేయాలి?

ముందు బ్రేకు, తర్వాత బరువు ముందుకు. థ్రాటిల్ గట్టిగా నొక్కకండి, ముందు చక్రాలు లేచి బండి మీదికి తిరగబడుతుంది. వెనక ర్యాకులో బస్తా ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. బ్రేకు వదలకుండా పార్క్ వేసి, పై వైపుకు దిగండి. కింది వైపుకు దిగితే బండి మీ మీదికే వస్తుంది. బరువు దింపి, చెట్టుకు విన్చ్ (తాడు చుట్టి బండిని లాగే మోటారు) తాడు కట్టి, మెల్లగా తిప్పుకోండి. తిన్నగా వెనక్కి జారనిచ్చి ఒక్కసారిగా వెనక బ్రేకు కొట్టడమే చాలా బోల్తాలకు కారణం.

దిగువకు వస్తుంటే బండి పట్టు వదిలి జారుతోంది. ఎందుకు?

కొన్ని బెల్టు బండ్లలో థ్రాటిల్ పూర్తిగా వదిలి, ఇంజిన్ తిరుగుడు బాగా పడిపోతే క్లచ్ విడిపోతుంది. అప్పుడు ఇంజిన్ పట్టు పోయి బండి ఊరికే దొర్లుతుంది. వాలు మొదలవకముందే 'లో', ఫోర్ వీల్ వేయండి. పట్టు పోయినట్టు అనిపిస్తే థ్రాటిల్ కొంచెం తాకించండి, క్లచ్ మళ్లీ కలుస్తుంది. యమహా బండ్లలోని అల్ట్రామ్యాటిక్ అనే బెల్టు పద్ధతిలో ఫోర్ వీల్ వేస్తే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బ్రేకింగ్ అందుతుంది. ఘాట్ వైపు తోటలకు బండి ఎంచుకునేటప్పుడు ఈ సౌకర్యం ఉందో లేదో తప్పక అడగండి. ట్రాలీకి సొంత బ్రేకులు ఉండవు కాబట్టి దిగేటప్పుడు అది బండిని ముందుకు నెడుతుంది. నింపిన ట్రాలీతో వాలు దిగడం అలవాటుగా పెట్టుకోవద్దు.

గెడ్డ దాటాక ఇంజిన్ మోగుతోంది కానీ బండి కదలట్లేదు.

బెల్టు గదిలోకి నీళ్లు వెళ్లాయి. గట్టి నేల మీద ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సీవీటీ మూత అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పండి. కారే నీళ్లు కారనిచ్చి, ఇంజిన్‌ను కొన్నిసార్లు పెంచి వదలండి, మిగిలినవి బయటికి చిమ్ముతాయి. ప్లగ్ బిగించి, 'లో'లో మెల్లగా కొంతదూరం వెళ్తే బెల్టు ఆరుతుంది. తడి బెల్టుతో గట్టిగా లాగిస్తే ఒకే చోట కాలి గుంత పడుతుంది, తర్వాత ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది. ఫుట్‌రెస్టులు మునిగే నీళ్లలో ఏ బండినీ దింపకండి.

వెనక ర్యాకు మీద మనిషిని కూర్చోబెట్టుకోవచ్చా?

కూడదు. ఒక సీటు ఏటీవీని నడిపే మనిషి ఒళ్లు అటూ ఇటూ కదిలిస్తూ నిలబెట్టుకోవాలి. వెనక మనిషి ఉంటే ఆ వీలు ఉండదు, ఎత్తులో ముందు భాగం లేస్తుంది. ఇద్దరు తప్పనిసరైతే రెండు సీట్లకే చేసిన పొడుగు మోడల్, లేదా ఇద్దరు పక్కపక్కన కూర్చునే, సీటు బెల్టులు ఉన్న సైడ్ బై సైడ్ బండి చూడండి. 16 ఏళ్ల లోపు పిల్లలకు పెద్దల బండి ఇవ్వకండి, తోట లోపలైనా సరే. హెల్మెట్ అందరికీ.

## ఇంటికి వచ్చాక

ఉప్పు గాలికి బండిని ఎలా కాపాడుకోవాలి?

సముద్రానికి దగ్గర్లో ఉంటే బీచ్‌కు వెళ్లకపోయినా తుప్పు వస్తుంది. వారానికోసారి మంచినీళ్లతో, మామూలు పైపుతో, కింది నుంచి కడగండి. ప్రెషర్ వాషర్ బేరింగులు, సీవీ బూట్లు, రేడియేటర్ రెక్కల మీద పెట్టకూడదు, సీల్ దాటి నీళ్లు లోపలికి వెళ్తాయి. రేడియేటర్‌లో ఇరుక్కున్న బురదను ఇంజిన్ వైపు నుంచి బయటికి నెట్టేలా నీళ్లు పోయాలి. వేసవిలో ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే మొదట చూడాల్సింది ఇదే.

వైరింగ్ కనెక్టర్లు విప్పి డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి. అల్యూమినియంలోకి దిగే ఉక్కు బోల్టులకు యాంటీ సీజ్ పూయండి, లేకపోతే రెండేళ్లకు విప్పేటప్పుడు తెగుతాయి. తడి బండి మీద ప్లాస్టిక్ పరదా కప్పొద్దు. తోట షెడ్డులో పెడితే ఎలుకలు ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. కొన్నాళ్లు ఆగిన బండిని స్టార్ట్ చేసేముందు ఆ పెట్టె మూత తీసి చూడండి.

సర్వీసు స్పోర్ట్ బండి కంటే తక్కువా?

చెయిన్‌కు నూనె వేసే పని, బిగించే పని పోతుంది. బదులుగా ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్స్, బెల్టు, నాలుగు చక్రాల బూట్లు వస్తాయి. కిలోమీటర్లతో కాదు, గంటల మీటర్‌తో లెక్క. కొత్త బండికి మొదటి 20 నుంచి 25 గంటలకే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. తర్వాత చాలా బండ్లకు వంద గంటలకోసారి. బరువు పని, దుమ్ము ఎక్కువైతే 50కి తెచ్చుకోండి. ఎర్ర దుమ్ములో నడిపే రోజుల్లో ఎయిర్ ఫిల్టర్ ప్రతి రోజూ చూడాలి. కొత్త బెల్టు వేస్తే మొదటి 50 కిలోమీటర్లు బరువు లేకుండా నడపండి. బెల్టు తెగితే దాని దారాలు, ముక్కలు పూర్తిగా ఏరి తీశాకే కొత్తది వేయాలి.

బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలు పోయొచ్చా?

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చాలా దిగుమతి ఏటీవీల మాన్యువల్స్ 10 శాతం ఇథనాల్ వరకే అనుమతిస్తాయి. మీ బండి మాన్యువల్ చూడండి. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది, మన ఊరి తేమకు అది ఇంకా ఎక్కువ. వేరే దారి లేక పోస్తుంటే ట్యాంకులో నెలల తరబడి ఉంచకండి. కార్బురేటర్ బండి అయితే ఆపేముందు బౌల్ ఖాళీ చేయండి. పెట్రోలు గొట్టాలు ఏడాదికోసారి వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి.

టైర్లలో గాలి ఎంత పెట్టాలి? బంకు వాళ్లు 20 పెడుతున్నారు.

20 చాలా ఎక్కువ. యుటిలిటీ టైర్లకు సాధారణంగా 5 నుంచి 7 పీఎస్‌ఐ. కచ్చితమైన అంకె బండి మీద అతికించిన స్టిక్కర్‌లో ఉంటుంది. 20 పెడితే టైరు గట్టి బంతిలా ఎగురుతుంది, మధ్య గాడులు మాత్రమే నేలకు ఆనుతాయి, మలుపులో పట్టు పోతుంది. మరీ తగ్గిస్తే బరువుతో రాయి మీద ఎక్కినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. కారు గేజీ ఇంత తక్కువ ఒత్తిడి సరిగా చూపించదు. 0 నుంచి 15 దాకా చూపే తక్కువ ఒత్తిడి గేజీ, కాలితో తొక్కే పంపు కొనుక్కోండి. ఉదయం, టైర్లు చల్లగా ఉండగా నాలుగూ చూడండి. ఎడమ, కుడి టైర్ల మధ్య ఒక్క పీఎస్‌ఐ తేడా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది. అరిగాక కంపెనీ చెప్పిన సైజులే వేయండి. ముందూ వెనకా నిష్పత్తి మారితే ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ డిఫరెన్షియల్ మీద ఒత్తిడి పడుతుంది.